అయస్కాంతం పట్టని చోటు

బరంపురం నుంచి గోపాలపూర్ దారిలో
జీడితోటలు దాటగానే గాలికి ఉప్పు తగులుతుంది.
నేను అక్కడే బేరం మొదలుపెడతాను,
కారు ఇంకా కంటబడకముందే.
సముద్రం పక్కన కట్టేసిన ఇనుముకి
ఆర్సీ బుక్కులో రాసిన దానికన్నా వయసెక్కువ.

స్కూటరు మీద వెనక తారకేశు.
కోమపల్లిలో మందుల ఏజెన్సీ.
మందుల పెట్టెల మీద ఎక్స్‌పైరీ డేటు చదివే మనిషి,
జపాను బళ్ళ దగ్గరకొస్తే ఏదీ చదవడు.
పొద్దున ఛత్రపురంలో ఒక వీటెక్ చూశాం.
మీటరు అరవై రెండు వేలంది.
క్లచ్ పెడలు రబ్బరు అరిగి నున్నగా అద్దమైపోయింది.
మీటరుని వెనక్కి తిప్పినవాడు
రబ్బరు మార్చడం మరిచాడు.
"నడు," అన్నాను.

ఇది సీడియా స్పోర్ట్స్. ఎర్రది.
పాత్రో బాబు టార్పాలిన్ లాగిన తీరులోనే
ముప్పై వేలు కలిపేశాడు.
రెండు లక్షల ఎనభై, అన్నాడు.
ఇంజిను ఎన్నడూ విప్పలేదని
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఒట్టు వేశాడు.
రెండు భాషల్లో వేసిన ఒట్టుకి
నేను సగమే కడతాను.

తారకేశు అప్పటికే స్టీరింగు పట్టుకున్నాడు.
ఆ ముఖం అమ్మేవాడి కంట పడితే
పదిహేను వేలు పోయినట్టే.
ఇద్దరికీ మధ్య నిలబడ్డాను.

టైర్లు నిండుగా ఉన్నాయి గానీ గట్టిపడి రాయైపోయాయి.
టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారంటే ఆకాశం చూశాడు.
హెడ్‌లైటు పగిలితే కటకంలో దొరకదు,
కలకత్తాకి ఫోను కొట్టాలి.
తలుపుల కింద అంచు పొడుగునా
కంపెనీ రంగు బుడగలు కట్టింది,
గోరు పెడితే పొడి రాలింది.

జేబులో అయస్కాంతం ఉంటుంది నాకు.
పాత స్పీకరులోంచి పీకింది,
గీత పడకుండా బనీను గుడ్డ చుట్టాను.
బానెట్టు: టక్.
ముందు తలుపు: టక్. వెనక తలుపు: టక్.
ఎడమ వెనక చక్రం పైన, కమాను దగ్గర
జారింది.
మళ్ళీ పెట్టాను.
మళ్ళీ జారింది.

జానెడు మేర పుట్టీ.
ఎండలో ఏటవాలుగా వంగి చూశాను,
నీడ ఎక్కడా వంకర పోలేదు.
అరచెయ్యి ఆనించాను.
కంటికన్నా ముందు చేతికి తెలిసింది.

ఇది నేను చేసిందే.

ఫైలిన్ తుపాను వెళ్ళిన మూడో వారం,
టాటా బెంజ్ స్క్వేర్ వెనక రేకుల షెడ్డు,
కరెంటు లేదు, సరుగుడు చెట్టు పడ్డ బండి.
లాంతరు వెలుగులో, తడి కాయితంతో,
వేలిముద్రలు అరిగిపోయేదాకా రుద్దాను.
రహమతుల్లా మేస్త్రీ కళ్ళు మూసుకుని తడిమి చూసి
"పని కనబడితే అది పని కాదురా" అని
బీడీ వెలిగించుకున్నాడు.
నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే.
అప్పటి ఓనరు ఎవరో డాక్టరు,
ఎవరికీ తెలీకూడదంటూ
మూడొందలు ఎక్కువిచ్చాడు.

దాచినందుకు అప్పుడు మూడొందలు.
పట్టుకుంటే ఇప్పుడు ఐదొందలు.

"ఏటయింది?" తారకేశు.
ఇన్నేళ్ళ ఉప్పుగాలికి
జపాను వాడి రంగు పొంగింది,
నా జానెడు పొంగలేదు.
దీనికి ధర తగ్గించాలా,
పెంచాలా?

"దెబ్బ తిన్న బండి," అన్నాను. "నలభై తగ్గించండి."
పాత్రో బాబు కళ్ళద్దాలు తీసి, వంగి, వేలితో తడిమి
"ఎక్కడ?" అన్నాడు.
చూపించాను.
"ఏదీ, ఎక్కడయ్యా?"
చూపించాను.
మూడోసారి అడిగినప్పుడు
కాసేపు ఆగాను.

రెండు పదిహేనుకి తెగింది.
ఎవడు చేశాడో ఆ దొంగపని, అని పాత్రో బాబు తిట్టాడు.
ఐదొందల నోటు జేబులో పెట్టుకున్నాను,
బనీను గుడ్డ పక్కన.

తిరుగుదారిలో ఎర్రబండి ముందు, నా స్కూటరు వెనక.
తారకేశుకి గేర్లు ఇంకా అలవాటు కాలేదు, కుదుపుతున్నాడు.
పడమటి ఎండ ఎడంపక్క తలుపుల మీంచి పాకి
ఆ కమాను దాకా వచ్చింది.
ఎక్కడా తట్టుకోకుండా
జారిపోయింది.