తరుగు

కాశీబుగ్గలో మా జీడిపప్పు షెడ్డు.
టీవీ గోడకి ఎత్తుగా, కుక్కర్ గొట్టం పక్కన,
బొమ్మ సగం ఆవిరి.
మధ్యాహ్నం రెండయితే సీరియల్.
ఎవరూ చూడరు, అందరూ వింటారు.
పప్పు మీంచి చూపు తీస్తే
కత్తి వేలి తోలు తీస్తుంది.

నేను తూకం రాసేదాన్ని.
ఎవరు ఎన్ని కిలోలు వలిచారో,
గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత,
నా పుస్తకంలో ఉంటుంది.
ఎవరు ఏ సీనుకి ఏడ్చారో
రాయడానికి గడి లేదు.

ఏడాదికోసారి వస్తుంది ఆ పండగ,
పగటి సీరియళ్ళకి బహుమతులు.
ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ జంట,
ఉత్తమ కన్నీరు కూడా ఉందేమో.
ఆదివారం, షెడ్డుకి సెలవు.
అయినా తవిటమ్మ తాళం తీయించింది.
"ఇంటికాడైతే గుంటడు క్రికెట్టు మార్సనీడు."
పదకొండుమంది వచ్చారు.
పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒళ్ళో పెట్టుకున్నారు.
పదేళ్ళు పిక్కలు కోసిన వేళ్ళు,
బూడిద రాసినా వదలని నలుపు.

తెర మీద ఎర్ర తివాచీ, చీరల వెనక చీరలు.
ఉత్తమ అత్త వేదిక ఎక్కి ఏడ్చింది.
నిజం ఏడుపే,
కానీ సీరియల్లో ఏడ్చినంత బాగా లేదని
దమయంతి తీర్పు.

మేం కూర్చున్నది ఆమె కోసం కాదు.
ఆరొందల ఎపిసోడ్ల నుంచీ
కాఫీ పళ్ళెం తెచ్చే మనిషి కోసం.
కథలో ఆమెకి పేరు లేదు.
అత్త "ఇదిగో" అంటుంది, ఆమె వస్తుంది.
కప్పు పగిలే సీనుల్లో
ముక్కలు ఏరేదీ ఆమే.
మాట్లాడింది ఒకే ఒక్కసారి,
పోయినేడు ఆషాఢంలో, కరెంటు పోయే ముందు:
"అమ్మగారూ, బేగి రండి."
బేగి!
ఆ పాలరాతి హాల్లో
మా మాట కాలు జారి పడింది.
షెడ్డులో కత్తులన్నీ ఆగిపోయాయి.
"ఒలమ్మ, మన గుంటే! సోంపేటే అయ్యుంటాది."
"కాదొలె, టెక్కలి."
ఆ రోజు తూకం రెండు కిలోలు తగ్గింది.

చివర్లో పేర్లు పరుగెడతాయి కదా,
చదవడం నా వంతు.
మొదటిరోజు 'బెందాళం' దొరికింది.
రెండోరోజు కుక్కర్ ఆవిరి.
మూడోరోజు 'సుభాషిణి'.

రెండున్నర గంటల పండగలో
ఆమె కనిపించింది.
చివరి వరసలో, స్తంభం పక్కన,
ఎవరికో చప్పట్లు కొడుతూ.
లెక్క నా అలవాటు: మూడు సెకన్లు.
చప్పట్లయ్యాక ఆ చేతులు
పళ్ళెం లేక కాసేపు తడబడి
ఒళ్ళోకి వెళ్ళాయి.
మా అరుపులకి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు,
ఎవరి వేలు తెగిందోనని.

సోమవారం గ్రేడింగు బల్ల దగ్గర
దమయంతి ఒక గుండు పక్కన పెట్టింది.
నూట ఎనభై నంబరు, గీత లేదు, మచ్చ లేదు,
విదియనాటి చంద్రుడిలా ఒంపు.
అలాంటిది బస్తాకి ఒకటి దొరికితే గొప్ప.
అగ్గిపెట్టె మీద నిలబెట్టి
టీవీ నెత్తిన పెట్టారు.
"ఉత్తమ పళ్ళెం" అంది ఊర్మిళ.
ఎవరూ నవ్వలేదు.
రెండింటికి ఆమె కాఫీ తెచ్చింది.
ఆ ఒక్కసారీ అందరూ తలెత్తి చూశారు.
ఊర్మిళ వేలు తెగింది.

సాయంత్రం తవిటమ్మ మనవడు
స్టూలెక్కి అవార్డు తినేశాడు.
"ఎలగుందిరా?"
"ఉప్పు నేదు."

రాత్రి లెక్క ముగిస్తూ
తరుగు గడిలో రాశాను:
గుండు ఒకటి.
బెందాళం సుభాషిణి గారికి.

యజమాని చదవకుండానే
కింద సంతకం పెట్టి
స్టాంపు కూడా వేశాడు.