బీడు డబ్బా

గోనెసంచి మీద రెండు డబ్బాలు పెట్టిండు చాంద్ భాయ్.
ఒకటి బీడు ఇనుముది, మిలిటరీ వేలంపాటల దొరికింది,
జరపాలంటే నేను, హాతీరాం ఇద్దరం వంగాలె.
ఇంకోటి అల్యూమినియం,
తోమి బోర్లేసిన సర్వ లెక్క మెరుస్తది,
ఒక్కడే లేపి చూపిచ్చిండు:
"లోపల చైను, ముత్యాలన్నా. చప్పుడే ఉండది.
బండ్లె పాట పెట్టుకుంటే పాటే ఇనొస్తది."

నా బండ్లె పాటల పెట్టె లేదు.
ముప్పై ఏండ్ల బండి, నీలం పోయి
ఇప్పుడు ఏ రంగో ఆర్టీవోకే తెల్వాలె.
ఎనుక తొట్టిల బోరు మోటర్లు, పైపులు, కప్పీ, మూడు గుంజలు.
చందంపేట అవతల తారు ఆగిపోయిన కాడ
నా పని మొదలైతది.

మృగశిర పడ్డ మూడోనాడు
గట్టెక్కుతుంటే పాత డబ్బాల ఒక పన్ను ఇరిగి
మిగిలిన పండ్ల నడుమ పడ్డది.
అంతకు ముందు కుయ్యిమనలే, కయ్యిమనలే.
చిన్నగేరు కడ్డీ జొన్నదంటు లెక్క నా చేతిలకు ఊడొచ్చింది.
బండి ఎనుకకు జారింది,
బ్రేకు తొక్కుతనే ఉన్న, జారుతనే ఉన్నది,
ఒక మోదుగు చెట్టు ఆపింది.
మోటరు మాత్రం వాగుల పడ్డది.

అది చాంప్లీ మోటరు.
పదకొండు దినాలు బత్తాయి మొక్కలకు
బిందెలతోటి నీళ్లు పోసింది ఆమె.
నన్ను ఒక్క మాట అనలే.
తిడితే అయిపోవు. తిట్టలే.

అందుకే ఈడ గొంతుకూసున్న,
చేతికి మైనం, మోకాలికి మన్ను.

ముందు యాక్సిల్ ముద్ద ఎడమకా కుడికా?
ఎడమకే. రెండూ పనికొస్తయి.
షాఫ్టు మీద గాట్లెన్ని?
మొదటిసారి కండ్లతోటి లెక్కవెట్టిన,
రెండోసారి గోరుతోటి.
కండ్లు ఒకటి ఎక్కువ చెప్పినయి, గోరు చెప్పిందే నిజం.

అడుగు బోల్టుకు అయస్కాంతం ఉంటది,
డబ్బా తిన్నదంతా ఆడ రాసి ఉంటది.
అల్యూమినియం దాని బోల్టు ఇప్పిన.
తళతళ.
కిరసనాయిలుతోటి ఎవరో కడిగి పెట్టిండ్రు,
ఏం నలిగిందో చెప్పొద్దని.
బీడు దాని బోల్టుకు నల్లగ కాటుక పట్టి ఉన్నది.
వేళ్ల నడుమ రాకి చూసిన, రవ్వ తగలలే.
అరిగింది. ఇరగలే.

"ఇదియ్యి," అన్న.
చాంద్ భాయ్ నన్ను జర సేపు చూసిండు.
"మొత్తుకుంటది," అన్నడు. "ఆయిలు కారుతది.
రేపొచ్చి నా మీద పడొద్దు."
పద్దెనిమిది వేలన్నది పదిహేనున్నరకు దిగిండు,
పాత డబ్బా తూకానికి తీసుకున్నడు,
గేరు కడ్డీకి ఒక గుండు ఊరికెనే ఇచ్చిండు,
మీద అక్షరాలు అరిగి, ఏది హై, ఏది లో
అరచేతికే నేర్పియ్యాలె.

కూసోలే అది.
వెనుక షాఫ్టు రెండు వేళ్లు పొట్టిగైంది.
మల్లేపల్లి లేతు కాడికి పోతే
లేతాయన బామ్మర్ది పెండ్లికి పోయిండు.
రెండు దినాలు బండి కిందనే పన్న,
హాతీరాం పైనుంచి పానాలు అందిచ్చుకుంట
తప్పు పానా అందిచ్చుకుంట.

మూడోనాడు గట్టు కింద ఆపి
కడ్డీ ఎనుకకు గుంజిన. లో.
డబ్బా ఏడుపు అందుకున్నది,
పెండ్లిల అలిగిన మేనత్త లెక్క, ఒకటే రాగం.
హాతీరాం చెవులల్ల దూది పెట్టుకున్నడు.
ఒక మేక మమ్ముల దాటిపోయి
ఆగి, ఎనుకకు చూసింది.
నాలుగు చక్రాలు నాలుగు బండరాళ్లను
ఒక్కొక్కటిగ అడుక్కుంట ఎక్కినయి.
మోదుగు చెట్టు పక్కకెళ్లి పోయింది,
బెరడు మీద నా బంపరు గాటు ఇంకా పచ్చిగనే ఉన్నది.

చాంప్లీ గెనం మీద నిలవడి ఉన్నది, నడుముకు చేతులు పెట్టుకొని.
"తండా తండంతా లేచింది నీ లొల్లికి.
మోటరన్న తెచ్చినవా, ఒట్టి చప్పుడేనా?"

తిట్టింది!
తెచ్చిన, అన్న.

మోటరు దించి బండి తీస్తుంటే
మట్టి మీద అరచెయ్యంత ఆయిలు మరక.
చాంద్ భాయ్ అబద్ధం చెప్పలే.