వేళ్ళ మధ్య సందు

రెండు పొరల డిస్కులో ఉన్నది
ఒక పొర డిస్కులోకి దిగాలి.
ఎనిమిదిన్నర గిగాబైట్లు, నాలుగున్నర చిల్లరలోకి.
పిండి కొద్దీ రొట్టె అంటుంది కంప్యూటరు.
రొట్టె తగ్గడానికి వీల్లేదంటుంది సంఘం.

తుర్కులో, నది వైపు కిటికీలున్న బధిరుల సంఘం మేడగది.
నవంబరు. మూడున్నరకే దీపాలు.
తెర మీద ఉర్హో లాంపినెన్ కథ చెబుతున్నాడు,
దుంగలు తోలే కుర్రాడిగా నది మీద గడిపిన ఒక ఎండాకాలం,
నూట పద్దెనిమిది నిమిషాలు, నోరు మెదపకుండా.
అసలు మనిషి వెనక కుర్చీలో
కాఫీలో దాల్చిన రొట్టె ముంచుకుంటున్నాడు.

నేను తెచ్చినవి నాలుగు ప్రోగ్రాములు.
ఒకటి డబ్బు పెట్టి కొన్నది, రెండు ఊరికే దొరికినవి,
నాలుగోది తమ్ముడి స్నేహితుడిచ్చాడు,
ఎక్కడిదని అడగలేదు.
ఒకే నిమిషాన్ని నాలుగు సార్లు వండాను.
రాత్రంతా కంప్యూటరు ఫ్యాను ఈల వేస్తూనే ఉంది.
పొద్దున్న వచ్చినవాళ్ళలో అది వినబడ్డది
నాకొక్కడికే.

నా దగ్గర పట్టిక ఉంది. అందులో దశాంశాలున్నాయి.
కొన్నదానికే మొదటి మార్కు.
చూడండి, అన్నాను:
ఉర్హో వెనక ఆకుపచ్చ కర్టెను, మడత మడతకీ వేరే నీడ,
చొక్కా గళ్ళు, కళ్ళజోడు మీద దీపం చుక్క.

హిల్యా తల అడ్డంగా ఊపింది.
బట్టల మిల్లులో నలభై ఏళ్ళు
నేత తప్పులు పట్టిన కన్ను అది.
లేచొచ్చి తెర మీద గోటితో తట్టింది, అదిగో అక్కడ.
ఉర్హో చెయ్యి గాలిలో మలుపు తిరిగే చోట
ఆరు ఫ్రేముల సేపు వేళ్ళు లేవు.
గంజి ఉంది.

ఐదు వేళ్ళూ సమానంగా ఉండవంటారు,
ఇది ఐదింటినీ కలిపి ఒకటి చేసేసింది.
కదలని కర్టెనుకి కడుపు నిండా పెట్టి
కదిలే చేతిని పస్తు పడుకోబెట్టింది.

రెండోదానిలో వేళ్ళున్నాయి, ఒకటి తక్కువ.
హిల్యా భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.
లెంపి కాగితం మీద రాసి నాకు చూపించింది:
'ఇందులో వీడు దుంగ మీంచి జారిపడలేదు.
దుంగని పెళ్ళి చేసుకున్నాడు.'
గదిలో చేతులన్నీ ఒక్కసారి లేచాయి.
బల్లలు గుద్దారు, కాఫీ ఒలికింది.
ఉర్హో రొట్టె పక్కన పెట్టి
ఆ కాపీ తనకొకటి కావాలన్నాడు.

తమ్ముడి స్నేహితుడిది నలభయ్యో సెకను దగ్గర ఆగిపోయింది.
దాని సంగతి వదిలేద్దాం.

మిగిలింది చూడటానికి బాగోదు.
కర్టెను చదరాలు చదరాలుగా, పాత బాత్‌రూం గోడలా.
చొక్కా గళ్ళు అలికేసినట్టు. ముఖం మైనం ముద్ద.
కాని చేతులు!
ఉన్న పిండంతా చేతుల దగ్గరికే వెళ్ళిపోయింది.
ముందొకసారి మొత్తం చదువుకుని,
ఎక్కడ కదలిక ఎక్కువో చూసుకుని
అప్పుడు పంచుతుందట. నాకు తెలిసింది అంతే.
చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య సన్నటి సందు,
ఆ సందులోంచి కర్టెను ఆకుపచ్చ.
హిల్యా కూర్చుంది. చివరి దాకా చూసింది.
ఒక్కసారి కూడా గోరు లేవలేదు.

నా పట్టికలో దానికి మూడో స్థానం.
పట్టికని నాలుగు మడతలు పెట్టి
ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చాను.

ముప్పై రెండు కాపీలు, ఒక్కోటి తొమ్మిది నిమిషాలు.
డిస్కుల మీద పేర్లు లెంపి రాసింది.
ముప్పై మూడోది, దుంగ పెళ్ళిది,
పేరు లేకుండా ఉర్హో కోటు జేబులోకి వెళ్ళింది.

బయల్దేరుతూ, నాకొచ్చిన నాలుగు సైగల్లో ఒకటి చేశాను,
రేపు వస్తానని.
హిల్యా చూసింది. మళ్ళీ తల అడ్డంగా.
నా చెయ్యి పట్టుకుని
బిగుసుకున్న నేతలో పోగు విడదీసినట్టు
చూపుడు వేలినీ మధ్య వేలినీ ఎడం చేసింది.
ఇప్పుడు చెప్పు, అంది.