సొట్ట

సంత రోజు. ఎండుమిరప ఘాటుకి తుమ్ముతూ
ఒక తెల్లావిడ సిమిలిగుడలో మా కొట్టు మెట్టెక్కింది.
పైన సునాబెడ ఫ్యాక్టరీలో
విమానం ఇంజన్లు నేర్పడానికొచ్చిన రష్యా ఇంజనీరు భార్య.
సంచిలోంచి ఉన్ని మేజోడు తీసింది,
మేజోట్లోంచి వెండి.

తాత అప్పలాచారి ముందు బరువు చూశాడు,
మనిషి ముఖం తరవాత. మా కులానికది అలవాటు.
నలభై రెండు తులాలు.
కడుపు గుండ్రం, మెడ పొట్టి, మూత ఎప్పుడో పోయింది.
ఒళ్ళంతా కాకరపాదు లాంటి తీగ,
తీగలో పిట్ట, పిట్ట ముక్కులో దాని తోకే.
మెడ చుట్టూ అక్షరాలు,
సంతలో తప్పిపోకుండా
ఒకరి చొక్కా ఒకరు పట్టుకు నడిచే పిల్లల్లా.
పిట్ట పక్కన, బొటనవేలు పట్టేంత సొట్ట.

"మూడొందల ఏళ్ళదట," అన్నాడు దుబాసీ కుర్రాడు.
"విందు మొత్తానికి ఇదొక్కటే.
తేనె పులియబెట్టి పోస్తారు. ఒకడు తాగి పక్కవాడికి,
వాడు తాగి ఆ పక్కవాడికి.
బ్రాతీనా అంటారు. వాళ్ళ భాషలో బ్రాత్ అంటే..."
"భ్రాత," అన్నాడు తాత, తల ఎత్తకుండానే.

మెట్టు మీద బొగ్గుల బుట్ట పక్కన సొంబారి
నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఇంతేనా! జీలుగు కల్లుకి మా ఊళ్ళోనూ
ఒకటే బుర్ర."

నాకు తొమ్మిదేళ్ళు. తిత్తి నాది.
తాత సొట్టని బయటనుంచి ముట్టుకోలేదు.
లోపల్నించే బతిమాలాలి, అనేవాడు.
ఇసక సంచి మీద పడుకోబెట్టి
కొమ్ము సుత్తితో, పనసకాయ పండిందో లేదో
తట్టి చూసినట్టు, మధ్యాహ్నం దాకా.
అక్షరాల జోలికి పోలేదు.
చదవలేని రాతని రుద్దకూడదు, ఎవరి తలరాతో.

కుంకుడు రసంతో కడిగాక
చెమ్మ కారుతుందేమోనని నీళ్ళు పోశాడు.
తెల్లావిడ రెండు గుక్కలు తాగి, తాతకిచ్చింది.

మా ఇంట్లో నీళ్ళు ఆకాశం నుంచి పడాలి.
గ్లాసుకీ పెదవికీ నడుమ జానెడు,
ఆ జానెడులోనే మా మడి, మా మర్యాద, మేము.
తాత ఎత్తి పోసుకున్నాడు.
వెడల్పు మూతి. ముక్కూ మీసం బనీనూ తడిసి
సంత సగం మా కొట్టుకేసి తిరిగి నవ్వింది.

"వెండికి ఎంగిలి లేదులే, కానియ్,"
తలుపు చాటు నుంచి మామ్మ.

అరవై రెండేళ్ళ మనిషి
మొదటిసారి అంచుకి పెదవి ఆనించాడు.
తాగాడు.
ఇప్పుడు పక్కవాడికివ్వాలి.
పక్కన సొంబారి.

దుబాసీ రోడ్డుకేసి చూశాడు.
నేను తిత్తి మరిచాను, కొలిమి బూడిద కప్పుకుంది.
తాత చేతుల్లో నీళ్ళు,
నీళ్ళలో మా రేకుల కప్పు, వంకరగా.
ఎంతసేపో చెప్పలేను. చెప్పినా తాతకి ఒక లెక్క, ఆమెకి ఒకటి.

ఇవ్వలేదు. అలాగని దాచుకోనూ లేదు.
సొంబారే లేచి
బొగ్గు వేళ్ళతో అందుకుని
అడుగు దాకా తాగింది.
"పాని మిట," అంది. తియ్యగున్నాయట.

తెల్లగా తోమిన వెండి మీద నాలుగు నల్ల వేలిముద్రలు.
తాత గుడ్డకోసం వెతికేలోగా
తెల్లావిడ దాన్ని అలాగే
మేజోట్లోకి దించేసింది.

ఆ రాత్రి చిట్టాలో రాశాడు:
రష్యా చెంబు, సొట్ట, ఆరు రూపాయలు.
కింద ఇంకో పద్దు మొదలెట్టి, కొట్టేశాడు.
ఇప్పటికీ పుస్తకం నా దగ్గరుంది,
గీత కింద ఏముందో దీపానికి పెట్టినా కనబడదు.

మర్నాడు సొంబారి బొగ్గులు తెచ్చింది.
మెట్టు పక్క మేకుకి
ఆమె అల్యూమినియం గ్లాసు అలాగే ఉంది.
ఇంకో పదకొండేళ్ళు ఉంది.
దానికీ ఒక సొట్ట ఉండేది.
కంసాలి కొట్టు ముందు వేలాడుతూ,
మేమెవరం తీయని సొట్ట.