అవతలి కొండకు కూడా

రేకుల గుడిలో ఆదివారం.
టర్కానా నేల మీద మూడో ఏడూ మబ్బు లేదు.
అందరం మా చెలమల కోసమే అడిగాం.

నపెయోక్ ముసలమ్మ లేచింది,
మోకాళ్ళు పటపటమన్నాయి.
"ప్రభువా, పొకోట్ వాళ్ళ కొండ మీద కూడా కురిపించు."

నా పక్కన లొక్వావి పళ్ళు కొరికాడు.
మొన్న వాళ్ళు తోలుకుపోయింది
ఆమె మేకల్నే, నలభై రెండు.
ఆమె మనవడి భుజంలో
తూటా ఇంకా ఉంది.

ఆమె బేరం వదల్లేదు,
సంతలో ఉప్పుకు గీచి గీచి అడిగినట్టు:
"వాళ్ళ పిల్లలకూ నాలుకలున్నాయి కదయ్యా.
పోనీ,
నా చెవితెగిన మేక కోసమైనా.
ఈనే రోజులు దానికి.
అక్కడే ఉంది, ఆ దొంగల పాకలో."

ఎవరో కిసుక్కుమన్నారు.
ఆమేన్ మాత్రం
చాలాసేపటికి వచ్చింది, ఒక్కో గొంతూ ఇసుక మింగుతూ.
లొక్వావి పెదాలు కదిలాయో లేదో
నేను చూడలేదు.