నాలుగూ నలభై బస్సు

జూలైలో నలభై ఒక్క పేర్లు.
ఒంగోలు మహిళా కళాశాల, పదకొండో గది,
సభ్యత్వం పది రూపాయలు, టీ ఖర్చు వేరే.
జనవరిలో లెక్కపెడితే
పద్నాలుగు.

కార్యదర్శిని నేనే.
"శ్రద్ధ లేదు వీళ్లకి" అని
మినిట్సు పుస్తకంలో గుండ్రంగా రాసిందీ నేనే.

సలోమిని క్యాంటీను మెట్ల మీద పట్టుకున్నా.
ఎందుకు రావట్లేదే?
చెప్పుకి పిన్నీసు గుచ్చుకుంటా అంది:
"మొదటి రోజు నా కవిత చదివితే
ఎవరో నవ్వారక్కా.
నువ్వు కాదులే."
నేనే.

కోటేశ్వరికి బేరన్ దగ్గర ఆకు అల్లకం.
మస్తాన్‌బీకి చెల్లెల్ని బడి నుంచి తేవడం.
కొత్తపట్నం పిల్లలందరికీ మాత్రం
ఒకటే మాట: నాలుగూ నలభై బస్సు.
అది పోతే మళ్లీ ఆరున్నరకే.
మా మీటింగేమో నాలుగున్నరకి.
ఆ వేళ పెట్టింది హాస్టలు వాళ్లం,
మెస్సులో బజ్జీలు అయ్యాక వీలుగా ఉంటుందని.

ఈ గురువారం పుస్తకం చంకన పెట్టుకుని
ఆ బస్సే ఎక్కా.
ఖాళీ చేపల గంపలు, చిల్లర కోసం కండక్టరు కేకలు,
వెనక సీట్లో ఏడుగురు.
ఉప్పుగాలి తగిలాక
నా కవిత తీసి చదివా. గతుకుల్లో రెండుసార్లు తడబడ్డా.
నవ్వారు. గంపలావిడ కూడా నవ్వింది.
సలోమి కిటికీలోంచి తల తిప్పకుండా
"రెండో లైను తీసెయ్యక్కా" అంది.

తీసేశా.
హాజరు: ఏడు.
తిరుగు బస్సు ఎప్పుడో అడగడం మర్చిపోయా.