కింద అక్షరాలు రాని చోట

జువ్వలదిన్నె అవతల, ఉప్పుటేటి పక్కన
చెంచురామిరెడ్డి రొయ్యల గుంటలకి నేను రాత్రి కాపలా.
ఏరేటర్లు తెల్లార్లూ నీళ్ళని చిలుకుతుంటాయి,
వెన్న మాత్రం రాదు.
నిద్ర ఆపుకోవడానికి ఒకడు చుట్ట కాలుస్తాడు,
నేను ఐర్లండు చూస్తాను.

సినిమాల పేర్లు అడగొద్దు.
వాళ్ళు రాసేదొకటి, పలికేదొకటి. సగం అక్షరాలు
పెళ్ళికొచ్చి విస్తరి ముందు కూర్చోని చుట్టాల్లా
ఊరికే నిలబడి ఉంటాయి.
గుర్తులతోనే దాచుకున్నాను:
గాడిద సినిమా,
పడవ తిరిగిరాని సినిమా,
గోడ కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన సినిమా,
అందరూ తాగి ఎవరూ ఏడవని చావింటి సినిమా.
అన్నిట్లోనూ వానే.
కావలి ఎండలో చూసినా సరే
ఆ వాన ఫోను అద్దం లోపలే కురుస్తుంది,
ఒక్క చుక్క గట్టు మీద పడదు.

గోడ సినిమాలో ఒక కొట్టుంది.
ముసలాయన వచ్చి సీసా చాపి, తన భాషలో ఏదో అంటాడు.
బల్ల వెనక పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది.
ఆయన మళ్ళీ తన భాషలోనే. ఆ పిల్ల మళ్ళీ ఇంగ్లీషులోనే.
కిరసనాయిలు సీసాలోకి దిగుతుంది,
చిల్లర చేతులు మారుతుంది,
ఇద్దరూ ఒక్క మెట్టు కూడా దిగరు.
అప్పటిదాకా బుద్ధిగా నడిచిన కింది అక్షరాలు
అక్కడ మాత్రం చేతులెత్తేశాయి:
'వేరే భాషలో మాట్లాడుతున్నాడు.'
అంతే.
ఏం మాట్లాడాడో రాయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.
ఆ ఒక్క వాక్యం కోసం ఆరుసార్లు చూశాను,
ఆరుసార్లూ అదే రాసుంది.

దాన్ని నేనింతకుముందే చదివాను.
ఆరో తరగతి ఫారంలో, మాతృభాష అన్న గీత మీద,
నేను కలం మూత తీసేలోపే మాలకొండయ్య సారు
తెలుగు అని రాసేశాడు, మేలు చేస్తున్నట్టు.
సంతలో బుట్ట అల్లుతూ అవ్వ నాతో మాట్లాడితే
బేరానికొచ్చినోళ్ళు నవ్వేవాళ్ళు: 'ఏంది, అరవమా?'
అరవం కాదు. వచ్చీరాని అరవం అసలే కాదు.
మా ఎరుకల మాట.
అవ్వ తణ్ణి అంటే చెంబు ముంచి ఇచ్చేవాణ్ణి.
ఇవ్వడం వచ్చు నాకు, అనడం రాలేదు.

పోయిన శనివారం పోలమ్మవ్వకి ఫోను చూపించాను,
పందుల దొడ్డి పక్కన, కుక్కి మంచం మీద.
కొట్టు సీను పెట్టి, సౌండు పెంచి,
'చూడవ్వా, వీళ్ళకీ ఒక ఇంటి భాష ఉండాదంట,
బళ్ళో మాట్లాడితే మెడకి కర్ర కట్టి
గాట్లు పెట్టి కొట్టేవాళ్ళంట' అన్నాను.
అవ్వ వినలేదు.
ముసలాయన వెనక, తలుపు సందులో
ఒక పంది అడ్డంగా పోయింది.
'ఆపరా అబ్బయా. వెనక్కి తిప్పు.
అది చూలుతో ఉండాది. రెండ్రోజుల్లో ఈనుద్ది.
ఆ వానలో దానికి గడ్డెవరు పరుస్తారు?'

నాలుగుసార్లు తిప్పించింది.
నాలుగోసారి అద్దానికి నోరు దగ్గర పెట్టి
నాలిక అంగిట్లో మడిచి ఒక మాట విసిరింది.
దొడ్లో మావి మూడూ లేచి నిలబడ్డాయి.
ఐర్లండు పంది మాత్రం కొట్టు దాటి
వానలోకి పోయింది.

'ఆ మాటకి అర్థం ఏందవ్వా?'
'పందిని పిలిచే మాటకి అర్థమేందిరా, నీ మొహం!'

ఇప్పుడు రాత్రి రెండున్నర. కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కోటీ నీళ్ళ మీద ఆగిపోతున్నాయి.
జనరేటరు తాడు లాగాలి,
ఆలస్యమైతే రొయ్య పైకి తేలుద్ది,
రెడ్డి ఫోను చేస్తాడు.
తాడు చేతికి చుట్టుకుని, ఆ నిశ్శబ్దంలో,
అవ్వ మాట ఒకసారి అని చూశాను.
సరిగా రాలేదు. మళ్ళీ అన్నాను.
గట్టవతల సర్కారు తుమ్మల్లో ఏదో కదిలింది,
నక్కో, నీటికోడో.
తాడు లాగాను.